రెండు పక్కలా ఒకే సొట్ట

పొద్దున్న లేస్తూనే మేస్త్రికి ఒళ్ళు మండింది. ఆయనకి ఒళ్ళు మండడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు, కుళాయిలో నీళ్ళు సన్నగా వచ్చినా చాలు. ఆ రోజు మాత్రం కారణం ఉంది. ఆదివారం కదా, చిరుగుల బనీనుతో గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని తిట్టుకుందామనుకుంటే, ఇస్త్రీ చొక్కా తొడుక్కోమన్నారు, బూట్లు వేసుకోమన్నారు. ఎందుకటా అంటే పాత కార్ల మ్యూజియం చూడ్డానికట.

"నలభై ఏళ్ళు కార్ల కింద వెల్లకిలా పడుకుని బతికినవాణ్ణి. ఇప్పుడు టిక్కెట్టు కొనుక్కుని, చేతులు కట్టుకుని నించుని చూడాలా వాటిని?" అని అరిచాడు.

"కొనలేదు బాబాయ్. ఊరికే ఇచ్చారు. మ్యూజియం మేనేజరు గారు మా దుకాణంలోనే కళ్ళజోడు చేయించుకున్నారు," అంది అన్న కూతురు, వంగి ఆయన బూట్ల తాళ్ళు కడుతూ.

"ఊరికే ఇస్తే మరీ అనుమానించాలి."

"అనుమానిస్తూనే నడు. బస్సు వెళ్ళిపోతుంది."

వీధిలో అందరూ ఆయన్ని చెవిటి మేస్త్రి అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు, ఎలాగూ వినబడదని. కార్ల డెంటింగ్ పని చేసినవాళ్ళలో చెవులు దక్కించుకున్నవాడు లేడు. రేకుల షెడ్డులో రేకు మీద సుత్తి పడితే ఆ మోత ముందు చెవిలో దూరుతుంది, తరవాత అక్కడే కాపురం పెడుతుంది. మేస్త్రికి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది సగం మిగిలింది. అందుకే అన్న కూతురు ఎప్పుడూ ఆయనకి ఎడమ పక్కనే నడుస్తుంది, ఎడమ పక్కనే కూర్చుంటుంది. చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు, ఆలోచించకుండానే ఆ పక్కకి చేరిపోతుంది.

పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. వదిన పోయి ఏడేళ్ళు, అన్న పోయి రెండేళ్ళు. ఇప్పుడు అన్న కూతురింట్లో వీధి గదిలో ఆయన మంచం, మంచం కింద సుత్తుల పెట్టె. పెట్టె తీసి తుడిచి మళ్ళీ పెట్టడం తప్ప పనేమీ లేదు. ఇలా గదిలో కూర్చుని కూర్చుని గోడలతో కూడా తగువు పెట్టుకుంటున్నాడని ఆమె ఈ ప్రయాణం పెట్టింది.

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. ఆ దుకాణానికి ఏ వెల్డింగు పనివాడో, లేతు మిషనువాడో వచ్చాడంటే ఇక వదిలిపెట్టదు. "పని చేసేటప్పుడు కళ్ళకి అద్దాలు పెట్టుకోండి. మా నాన్న ఒట్టి అజాగ్రత్త మనిషి. సుత్తి ఎలా పట్టుకున్నాడో, ఏం చూసుకున్నాడో, ఉన్న రెండు కళ్ళలో ఒకటి పోగొట్టుకున్నాడు," అని చెబుతుంది. మేస్త్రి ఆ దుకాణంలో బెంచీ మీద కూర్చుని ఉండగా కూడా ఒకసారి చెప్పింది. సగం చెవికే ఆ మాట పూర్తిగా వినబడింది. ఆయన గోడ మీది క్యాలెండరు కేసి చూస్తూ కూర్చున్నాడు, ఆ నెలలో ఎన్ని ఆదివారాలున్నాయో లెక్కపెడుతున్నట్టు.

మ్యూజియం చల్లగా ఉంది. నేల అద్దంలా ఉంది. ఎర్రతాళ్ళ వెనకాల కార్లు వరసగా నిలబడి ఉన్నాయి, ఒక్కో దాని నెత్తి మీదా ఒక్కో దీపం. ప్రతి తాడుకీ 'తాకరాదు' అని బోర్డు. ఆ బోర్డులు చూసేసరికి మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది. కారుని తాకకుండా చూడ్డమేమిటి? కళ్ళతో చూసి కారు బాగుందనేవాడు కొనేవాడు, చేత్తో తడిమి చూసేవాడు పనివాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు, చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. నడుస్తూ ఊరుకోలేదు.

"ఈ తలుపు చూడు, సందు పైన వేలంత, కింద గోరంత. దీన్నా దీపం కింద పెట్టారు?" అన్నాడు. "ఇదిగో దీనికి రేకు కంటే పుట్టీయే ఎక్కువుంది. మొహానికి సున్నం కొట్టినట్టుంది."

"బాబాయ్, మెల్లిగా."

"మెల్లిగానే అన్నాను!"

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ఆమె నవ్వు ఆపుకుంది. మేస్త్రికి తన గొంతు తనకి వినబడదు, గుసగుస అనుకుని ఆయన అన్న మాట నాలుగు కార్ల అవతలకి వెళుతుంది.

వాళ్ళ ముందు ఓ పాతికమంది గుంపు వెళుతోంది. గుంపుకి ఒక గైడు. కుర్రాడే, నున్నగా దువ్విన తల, కాలరుకి మైకు, నడుముకి అరచేతంత స్పీకరు. ఆ గుంపు ఒక ఆకుపచ్చ కారు దగ్గర ఆగింది. రెండు తలుపుల కారు, గుండ్రటి లైట్లు, ముందు చక్రాల మీద ఉబ్బెత్తుగా మడ్‌గార్డులు. మేస్త్రి గుంపు వెనకనుంచి మెడ చాపి చూశాడు. చూసి, ఉన్నచోటే ఆగిపోయాడు.

"ఏమైంది?" అంది ఆమె.

ఆయన గుంపుని తోసుకుంటూ తాడు దాకా వెళ్ళాడు.

"ఈ కారు మా మ్యూజియానికే గర్వకారణం," అంటున్నాడు గైడు. "ఫ్యాక్టరీనుంచి ఎలా బయటికి వచ్చిందో ఇవాళ్టికీ అలాగే ఉంది. ఒక్క రేకు మారలేదు. దీని ఒంటి మీద ఒక్క సుత్తి దెబ్బ పడలేదు. అందుకే దీన్ని ఈ హాలులో పెట్టాం, పక్కనున్న పలక మీదా అదే రాశాం."

"ఏమంటున్నాడు?" అని మేస్త్రి అన్న కూతుర్ని అడిగాడు. ఆమె ఎడమ చెవిలో చెప్పింది. ఆయన దవడ బిగుసుకుంది.

"ఇంకో విశేషం," అన్నాడు గైడు, చూపుడు కర్రతో చూపిస్తూ. "లైటు వెనక మడ్‌గార్డు మీద సన్నటి పల్లం ఉంది చూడండి, పళ్ళెం అడుగులా. అటు పక్కకి వెళ్ళి చూస్తే అక్కడా ఉంటుంది, అచ్చు ఇలాగే. ఈ రకం కార్లు వందలు తయారయ్యాయి, మరే కారుకీ ఈ వంపు లేదు. గాలి దీని మీదనుంచి జారిపోవడానికి పెట్టిన వంపు ఇది. ఈ ఒక్క కారు మీద చేసి చూసిన ప్రయోగమని మా అంచనా. ఇంత సున్నితమైన పని చెయ్యాలంటే ఎంత గొప్ప బుర్ర ఉండాలో ఆలోచించండి."

జనం ఆహా అన్నారు. ఒకావిడ ఆ పల్లానికి ఫోటో తీసుకుంది. అన్న కూతురు ఇది కూడా ఆయన చెవిలో చెప్పింది. ఈసారి మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"గాలా?" అన్నాడు. "గాలి జారడానికా?"

అని తాడు కిందనుంచి దూరి కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. జేబులోంచి రుమాలు తీసి కుడి మడ్‌గార్డు మీద పరిచాడు. రుమాలు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ముందునుంచి వెనక్కి మెల్లగా తోశాడు. డెంటర్లు రేకుని అలాగే చూస్తారు. గుడ్డ మీద చెయ్యి జారుతుంది, జారేటప్పుడు వెంట్రుకవాసి ఎత్తుపల్లం ఉన్నా అరచేతికి చెప్పేస్తుంది. అరవయ్యారేళ్ళ ఆ చెయ్యి నలభై రెండేళ్ళ కిందటి రేకుని గుర్తుపట్టింది. పల్లం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"తాతగారూ! చెయ్యి తియ్యండి! ఏం చేస్తున్నారు?" అని గైడు కేక పెట్టాడు.

"ఇది మా అన్న చేసిన మడ్‌గార్డురా!" అని మేస్త్రి అంతకు రెండింతలు అరిచాడు. "సుత్తి దెబ్బ పడలేదా? లెక్కపెట్టగలవా ఎన్ని పడ్డాయో? ముప్ఫై ఒక్క రోజులు కొట్టాం!"

అబద్ధం కాదు. అప్పుడు మేస్త్రికి ఇరవై నాలుగేళ్ళు, అన్నకి ముప్ఫై. ఊరి చివర ఇద్దరికీ కలిపి ఒక షెడ్డు. ఈ కారు ఒక లాయరుది. నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తూ గుద్దింది, కుడి మడ్‌గార్డు నలిపి పారేసిన కాగితంలా అయింది. కొత్తది తెప్పిద్దామంటే తయారు చేసే కంపెనీయే మూతపడింది. లాయరు నాలుగు షెడ్లు తిరిగాడు. మా వల్ల కాదన్నారు. అన్న ఒక్కడే, "ఎడమది బాగానే ఉంది కదండీ, దాన్ని చూసి కుడిది చేసేస్తాం," అన్నాడు, చొక్కా కుడతానన్నంత తేలిగ్గా. చదునైన రేకు తెచ్చి, ఇసకసంచీ మీద పెట్టి, చెక్క సుత్తితో మొదలుపెట్టారు. ఒక్క అంగుళం వంపు తేవడానికి రోజంతా పట్టేది. అన్న కొడుతుంటే తమ్ముడు రేకుకి అవతల డాలీ, అంటే నున్నటి ఇనపదిమ్మ, ఆనించి పట్టుకునేవాడు, తమ్ముడు కొడుతుంటే అన్న పట్టుకునేవాడు. అంత పని చేసినవాణ్ణి ఈ దువ్విన తల కుర్రాడు రెండు ముక్కల్లో తుడిచేశాడు. మేస్త్రికి కోపం రాక ఏమవుతుంది?

గైడు ఫోను చేసినట్టున్నాడు, మేనేజరు వచ్చాడు. బట్టతల, బంగారు ఫ్రేము కళ్ళజోడు, అన్న కూతురు బిగించిన ఫ్రేమే. ఆమెని చూసి పలకరింపుగా తలూపి, మేస్త్రి కేసి తిరిగాడు.

"పెద్దాయనా, కోప్పడకండి. మీరు ఏదో వేరే కారుని చూసి పొరపడుంటారు."

"నేను పొరపడ్డానా? కన్నబిడ్డని చూసి పొరపడతారా ఎవరైనా?"

"ఇది అసలు రేకు. మా దగ్గర కాగితాలున్నాయి. దీని యజమాని స్వయంగా రాసిచ్చాడు, ఎక్కడా రిపేరు జరగలేదని."

"లాయరు కదా, రాసే ఉంటాడు! అమ్ముకునేవాడు గుద్దించుకున్నానని రాస్తాడా?"

మేనేజరు నవ్వాడు. మర్యాదగానే నవ్వాడు. ఆ మర్యాదే పుండు మీద కారం చల్లినట్టయింది మేస్త్రికి. తిడితే తిరిగి తిట్టవచ్చు. ఇలా నవ్వేవాడిని ఏం చేస్తారు?

అప్పుడు అన్న కూతురు ముందుకొచ్చింది. ఆమె మొహం వెలిగిపోతోంది. "బాబాయ్, నిజంగా నాన్న చేశాడా ఇది? నాన్నా?"

"మరెవరు చేస్తారు?"

"నాకెప్పుడూ చెప్పలేదే! షెడ్డు రోజుల గురించి అడిగితే ఏమీ లేదమ్మా, రేకులు కొట్టాం అంతే అనేవాడు." ఆమె మేనేజరు కేసి తిరిగింది. "సార్, ఫ్యాక్టరీలో మిషను మీద నొక్కిన రేకుకీ చేత్తో కొట్టిన రేకుకీ తేడా తెలియడానికి ఏదైనా గుర్తుంటుందా?"

మేనేజరు నోరు విప్పేలోపలే మేస్త్రి అందుకున్నాడు. "పైన ఉండదు. పైన ఆకురాయి పెట్టి నున్నగా తీసేస్తాం. లోపల ఉంటుంది. లోపల ఎవడు చూస్తాడని వదిలేస్తాం. దూరి చూడమను!"

మేనేజరు తన ప్యాంటు కేసి చూసుకున్నాడు. గైడు మేనేజరు కేసి చూశాడు. ఇద్దరూ కదలకపోయేసరికి అన్న కూతురు హ్యాండ్‌బ్యాగు మేస్త్రి చేతిలో పెట్టి, ఫోను లైటు వేసుకుని, ఆ అద్దంలాంటి నేల మీద వెల్లకిలా పడుకుని చక్రం పక్కనుంచి తల దూర్చింది. జనం ఇప్పుడు దీపాల కింది కార్లని వదిలేసి వీళ్ళ చుట్టూ మూగారు.

ముందు ఎడమ పక్క చూసింది. "ఇక్కడ నున్నగా ఉంది," అంది. తరవాత లేచి, దుమ్మయినా దులుపుకోకుండా కుడి పక్కకి వెళ్ళి దూరింది. ఫోను లైటు లోపల అటూ ఇటూ కదిలింది. తరవాత ఆమె గొంతు లోపలినుంచి వచ్చింది. "సార్, ఇంత నల్లరంగు పూసినా కనబడుతున్నాయి. అంతా సుత్తి దెబ్బలే. ఒకదాని పక్కన ఒకటి, అల్లినట్టున్నాయి."

గైడు ఆ మాటని మేస్త్రి చెవిలో అరిచి చెప్పాడు, పాపం, తనంతట తనే. జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. మేస్త్రి ఛాతీ పొంగింది. "ఇప్పుడేమంటారు?" అని మేనేజరు మీదికి వెళ్ళాడు. మేనేజరు కూడా అక్కడితో ఆగిపోతే బాగుండేది.

మేనేజరు ఆగలేదు. చదువుకున్నవాడు కదా, ఆలోచించాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మేస్త్రి ఎడమ పక్కకి వచ్చి గట్టిగా అడిగాడు.

"సరే పెద్దాయనా. లోపలివైపు ఎవరో ఎప్పుడో చిన్న రిపేరు చేసుంటారు, ఒప్పుకుంటాను. కానీ రేకు మొత్తం చేత్తో చేశారంటే నేను నమ్మను. ఎందుకంటే ఈ వంపు. ఎడమ దాని మీద ఎక్కడుందో సరిగ్గా అక్కడే, అంతే లోతున కుడి దాని మీదా ఉంది. కొత్తగా మడ్‌గార్డు చేసే పనివాడు పనిగట్టుకుని దాని మీద పల్లం పెడతాడా? బుర్ర ఉన్నవాడెవడైనా పెడతాడా? చెప్పండి."

మేస్త్రి హ్యాండ్‌బ్యాగుని ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకున్నాడు.

"పెట్టడు కదా. అంటే రెండూ ఒకే ఫ్యాక్టరీలో వచ్చినవన్నమాట. ఇందులో మీ అన్నగారి పని ఏమీ లేదు."

సరిగ్గా అప్పుడే కింది నుంచి అన్న కూతురు అడిగింది. బయటికి వచ్చి కూర్చుని, దుమ్ము కొట్టుకున్న చేతిలో ఫోను ఇంకా వెలుగుతుండగా అడిగింది. "బాబాయ్, ఆ పల్లం వెనకవైపున మూడు దెబ్బలు వేరేగా ఉన్నాయి. లోతుగా, ఒకచోటే. మిగతావి అంత శ్రద్ధగా కొట్టి ఆ మూడూ అలా ఎందుకు కొట్టారు?"

ఆ మూడు దెబ్బలూ మేస్త్రికి తెలుసు. నలభై రెండేళ్ళుగా ఆయనకి బాగా వినబడే చప్పుళ్ళు అవే. తెలియదమ్మా అంటే సరిపోతుంది. అన్న పని ఈ నున్నటి నేల కింద పూడిపోతుంది, తను ఇంటికి వెళ్ళి వీధి గదిలో మంచమ్మీద పడుకోవచ్చు. చెబితే అన్న పని నిలబడుతుంది. కానీ చెబితే ఈ ఒక్క మనిషి, తన బూట్ల తాళ్ళు కట్టే మనిషి, ఇక తనని ఎలా చూస్తుందో ఆయన ఊహించడానికి కూడా భయపడ్డాడు. భయపడ్డందుకు కోపమొచ్చింది. ఆ కోపం ఈసారి గైడు మీద కాదు, మేనేజరు మీద కాదు.

"బుర్ర ఉన్నవాడు పెట్టడు," అన్నాడు. "నేను పెట్టాను."

గైడు పక్కనే నిలబడి ఉన్నాడు. కాలరు మైకు ఆ మాటని అందుకుంది, నడుము మీది స్పీకరు దాన్ని హాలంతా చాటింది. మేస్త్రికి ఆ సంగతి తెలియదు. తను ఒక్క మేనేజరుకే చెబుతున్నాననుకున్నాడు.

"గాలీ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఆ లాయరుకి బస్తాలాంటి బావమరిది ఉండేవాడు. రోజూ ఎడమ మడ్‌గార్డు మీద కూర్చుని సిగరెట్టు కాల్చేవాడు. వాడి బరువుకి పడింది ఆ సొట్ట. సన్నగా పడింది, కంటికి ఆనదు. చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. మా అన్న మొదటి రోజే చెప్పాడు, ఒరే, ఎడమదాన్ని ముందు చేత్తో తడిమి చూడు, ఎక్కడైనా సొట్టలుంటే తీసెయ్యి, ఆ తరవాతే దాని మీద అట్ట పెట్టి అచ్చులు కొయ్యి అని. అచ్చులు కొయ్యడం నా పని. ఎడమదాని వంపుకి అట్ట కోసి, దాన్ని తిరగేసి కుడిదానికి ఆనించి చూసుకుంటూ కొట్టాలి. ఆ రోజు నాకు మ్యాట్నీ ఆటకి టైమైపోయింది. చెయ్యి పెట్టలేదు. తడమకుండానే కోసేశాను. సొట్టతో సహా కోశాను. ఆ తప్పుడు అచ్చు పట్టుకుని మా అన్న నెల్లాళ్ళు కొట్టాడు. అచ్చు ఎలా చెబితే అలా కొట్టాడు, నన్ను నమ్మి. అందుకే రెండు పక్కలా ఒకే సొట్ట!"

జనం నవ్వారు. కొందరికి నవ్వులాటగానే అనిపించింది. మేనేజరు నవ్వలేదు, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. అన్న కూతురు కింద కూర్చునే ఉంది.

"రంగు వేసే ముందురోజు ఎండలో నిలబెడితే అన్న కంటికి దొరికింది. ఎడమది చూశాడు, కుడిది చూశాడు, నా మొహం చూశాడు. ఏమీ అనలేదు. నాలుగు దెబ్బల్లో లేపేస్తాను, నువ్వు పైన డాలీ పట్టుకో అని కిందికి దూరాడు. వెల్లకిలా పడుకుని పైకి కొట్టాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బకి సుత్తి అంచు పెచ్చు లేచి ఎగిరింది."

ఆయన అక్కడ ఆగాడు. చెయ్యి ఎత్తి తన కుడి కంటి మీద పెట్టుకున్నాడు. ఇక చెప్పక్కర్లేకపోయింది. నవ్విన జనం నవ్వు మింగేశారు.

"నాలుగో దెబ్బ కొట్టలేదు. సొట్ట అలాగే ఉండిపోయింది. లాయరు వచ్చి చూసి, భేష్, రెండు పక్కలా ఒకేలా ఉందయ్యా అన్నాడు. ఆసుపత్రిలో మా అన్న నా చెయ్యి పట్టుకుని, నోరు మూసుకో, నా సుత్తి, నా తప్పు, అందరికీ అదే చెబుతాను, అచ్చు తప్పు కోశావని తెలిస్తే నీకు జన్మలో ఎవడూ పని ఇవ్వడు అన్నాడు. మూసుకున్నాను. ఇన్నేళ్ళూ మూసుకునే కూర్చున్నాను. థూ!" ఆయన మేనేజరు చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. "రాసుకోండి ఇదంతా. ఒక్క సుత్తి దెబ్బ పడలేదన్న ఆ పలక పీకి పారేసి ఇది పెట్టండి. చేసినవాడు మా అన్న. చెడగొట్టినవాణ్ణి నేను."

మేనేజరు చాలాసేపు కారు కేసే చూశాడు. ఆయన మరీ చెడ్డవాడేమీ కాదు. "పెద్దాయనా, మీరు చెప్పింది నిజమైతే ఈ కారు ఈ హాలులో ఉండదు," అన్నాడు చివరికి. "ఇది అసలు కార్ల హాలు. రిపేరు చేసినవి వెనక షెడ్డులో ఉంటాయి. దీపాలుండవు. జనం అటు పెద్దగా రారు. ఆలోచించుకోండి. మీరు ఊరుకుంటే మీ అన్నగారి పని రోజూ వందమంది చూస్తారు."

"ఎవరిదో అనుకుని చూస్తారు!" అని అరిచాడు మేస్త్రి. "పని చెడితే మా పేరు చెబుతారు, బాగుంటే ఫ్యాక్టరీ పేరు చెబుతారు. షెడ్డులోనే పెట్టండి. మా అన్నకి షెడ్డు కొత్తేం కాదు."

ఆఫీసుగదిలో ఒక తెల్లకాగితం ఇచ్చారు. మేస్త్రి చేతిరాత చదవడం ఎవరి వల్లా కాదు కాబట్టి అన్న కూతురే రాసింది. ఆయన చెబుతూ పోయాడు, ఆమె రాస్తూ పోయింది. 'తమ్ముడు అచ్చు తప్పు కోసినందువల్ల' అన్నచోట ఒక్క క్షణం కలం ఆగింది, మళ్ళీ సాగింది. తండ్రి పేరు రాసేటప్పుడు మాత్రం మిగతా అక్షరాలకంటే పెద్దగా రాసింది. కాగితం ఆయన ముందుకి జరిపి, సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి చూపించింది. ఆయన పెట్టాడు. పదిహేను రోజుల్లో కమిటీ చూసి నిర్ణయిస్తుందని మేనేజరు చెప్పాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు కూడా.

బస్‌స్టాపు దాకా ఆమె నాలుగడుగులు ముందు నడిచింది. మేస్త్రి వెనకాల బూట్లు ఈడ్చుకుంటూ నడిచాడు. ఆమె వీపంతా దుమ్ము. దులుపుదామని చెయ్యి చాపి, మళ్ళీ తీసుకున్నాడు.

బస్సు ఖాళీగానే వచ్చింది. మేస్త్రి ఎప్పటిలాగే ఇద్దరు కూర్చునే సీటులో కుడి చివర, కిటికీ పక్కన చోటు చూసుకుని, ఎడమ పక్క ఆమెకి వదిలి కూర్చోబోయాడు. ఆమె ఆయన్ని దాటుకుని ముందే వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది. ఆయన ఆమెకి ఎడమ పక్కన కూర్చోవాల్సి వచ్చింది. అంటే ఇప్పుడు ఆమె ఆయనకి కుడి పక్క. చచ్చిన చెవి పక్క. ఇన్నేళ్ళలో ఆమె ఆ పక్క కూర్చోవడం ఇదే మొదటిసారి.

కావాలనే కూర్చుందని ఆయనకి అర్థమైంది. తప్పులేదనుకున్నాడు. బస్సు కదిలింది. రెండు స్టాపులు దాటాక కిటికీ అద్దంలో ఆమె మొహం కనబడింది. పెదవులు కదులుతున్నాయి. ఆమె మాట్లాడుతోంది. బయటికి చూస్తూ, ఆగకుండా, పళ్ళు బిగించి మాట్లాడుతోంది. మెడ నరాలు తేలి ఉన్నాయి. ముందు సీటులో కూర్చున్నావిడ ఒకసారి వెనక్కి తిరిగి చూసి, చటుక్కున మళ్ళీ ముందుకి తిరిగింది. మేస్త్రికి మాత్రం ఒక్క ముక్క వినబడలేదు, ఇంజను మోత తప్ప.

అలాగే కూర్చోవచ్చు. ఇల్లు చేరేసరికి ఆమె తిట్లు అయిపోతాయి, ఆయన విననే వినడు, ఇద్దరికీ తేలిక. అన్న చేసిన ఏర్పాటూ ఇలాంటిదే, ఒకడు మొయ్యడం, ఇంకొకడు విననట్టు కూర్చోవడం. ఆ ఆలోచన రాగానే మేస్త్రికి మళ్ళీ ఒళ్ళు మండింది, ఆ రోజుకి ఆఖరిసారి.

లేచాడు. బస్సు ఊగుతుంటే పై కడ్డీ పట్టుకున్నాడు.

"జరుగు," అన్నాడు.

ఆమె అర్థంకానట్టు చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇటు జరుగు. కిటికీ పక్కకి నేనొస్తాను. అక్కణ్ణించి నాకు వినబడదు."

ఆమె చాలాసేపు కదల్లేదు. తరవాత జరిగింది. ఆయన ఆమె మోకాళ్ళని దాటుకుని లోపలికి వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎడమ చెవి ఆమె వైపు తిప్పి, చేతులు తొడల మీద పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు. మొదట్నుంచీ చెప్పు. గట్టిగా చెప్పు."

"అమ్మ పోయే రోజు కూడా నాన్నని ఒట్టి అజాగ్రత్త మనిషివనే అంది బాబాయ్," అని ఆమె మొదలుపెట్టింది.